కోలుకున్నవారి కొలువు: కాలిఫోర్నియా పీర్ సపోర్ట్ చట్టం, శాన్ రామన్ తెలుగు కుటుంబాలు

2020 సెప్టెంబరు 25న కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ మానసిక ఆరోగ్యానికి సంబంధించిన పలు బిల్లుల మీద ఒకేరోజు సంతకం చేశారు. వాటిలో మూడు ఈ వ్యాసానికి ముఖ్యం. సెనేట్ బిల్లు 803 మానసిక రుగ్మతను స్వయంగా అనుభవించి కోలుకుంటున్నవారికీ, అలాంటివారిని సాకుతున్న కుటుంబసభ్యులకూ తమ అనుభవంతో ఇతరులకు తోడుండే పీర్ సపోర్ట్ స్పెషలిస్టుగా సర్టిఫికెట్ పొందే దారి తెరిచింది. సెనేట్ బిల్లు 855 ప్రైవేటు ఇన్సూరెన్సు కంపెనీల మీద మానసిక వైద్యం ఖర్చు భరించాల్సిన బాధ్యతను పెంచింది. అసెంబ్లీ బిల్లు 1976 లారాస్ లా పరిధిని విస్తరించింది. కోర్టు ఉత్తర్వు ద్వారా, ఆసుపత్రిలో చేర్చకుండానే వైద్యం చేయించే చట్టమది. అంతకుముందు కావాలన్న కౌంటీలే దాన్ని అమలు చేసేవి. ఈ సవరణతో వద్దన్న కౌంటీలు కారణం చెప్పి తప్పుకోవాల్సి వచ్చింది. మొదటి చట్టం వైద్యం పొందినవారి ఉద్యమం సాధించుకున్నది. మూడోది ఆ ఉద్యమం మొదటినుంచీ వ్యతిరేకించినది.

శాన్ రామన్‌లోని తెలుగు కుటుంబాలకు రెండో చట్టం చేరువలో ఉంది, మూడోది అవసరమైతే అందుతుంది, మొదటిదే చుట్టూ తిరిగి పోతుంది. ఇది నా వాదన. మనవాళ్లకు ఈ విషయంలో చైతన్యం లేదనడం తేలిక. కానీ ఆ చట్టానికి డబ్బు వచ్చే దారిలోనూ, అది పెట్టిన అర్హతలోనూ దూరానికి కారణాలున్నాయి.

ఉద్యమం తొలి అడుగుల్లో కొన్ని ఈ ప్రాంతానికి దగ్గరలోనే పడ్డాయి. 1972లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి మ్యాడ్‌నెస్ నెట్‌వర్క్ న్యూస్ అనే పత్రిక వెలువడింది. 1974లో అక్కడే మానసిక వైద్యంలోని బలవంతానికి వ్యతిరేకంగా నెట్‌వర్క్ అగెయిన్‌స్ట్ సైకియాట్రిక్ అసాల్ట్ ఏర్పడింది. 1982 నవంబరులో బర్క్‌లీ ఓటర్లు తమ నగరంలో కరెంటు షాకు చికిత్సను నిషేధిస్తూ తీర్పిచ్చారు. ఆ ప్రచారాన్ని ముందుండి నడిపిన టెడ్ చాబసిన్‌స్కీకి ఆరేళ్ల వయసులో, 1944లో, న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో అదే చికిత్స చేశారు. మరుసటి ఏడే కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. కోర్టులో ఓడినా, వైద్యం పొందినవారు వైద్యం గురించి ఓటు అడగగలరని అప్పుడు తేలింది. జూడీ చాంబర్లిన్ 1978లో రాసిన ‘ఆన్ అవర్ ఓన్’ ఆ తరానికి పాఠ్యపుస్తకం లాంటిది. ఆసుపత్రులకు బయట, వైద్యుల అజమాయిషీ లేకుండా, మనకు మనమే కేంద్రాలు నడుపుకోవాలన్నది అందులోని ప్రధాన ప్రతిపాదన.

తర్వాతి కథ వేరు. 1999లో జార్జియా రాష్ట్రం పీర్ సేవలకు తక్కువ ఆదాయం ఉన్నవారి ప్రభుత్వ బీమా మెడికెయిడ్ నుంచి చెల్లింపు మొదలుపెట్టింది. 2007 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం అన్ని రాష్ట్రాలకూ లేఖ రాసి ఆ దారికి ఆమోదముద్ర వేసింది. కాలిఫోర్నియాలో 2004 నాటి ప్రొపొజిషన్ 63, పదిలక్షల డాలర్లు దాటిన వ్యక్తిగత ఆదాయం మీద ఒక శాతం పన్ను వేసి మానసిక సేవలకు మళ్లించింది. శాన్ రామన్ ఉన్న కాంట్రా కాస్టా కౌంటీ అయితే రాష్ట్ర చట్టం కోసం ఆగలేదు. కాంట్రా కాస్టా కాలేజీతో కలిసి స్పిరిట్ అనే శిక్షణ కోర్సును చాలా ముందునుంచే నడిపింది. ఇప్పుడు రాష్ట్రమంతటా 80 గంటల శిక్షణ, పరీక్ష, నియమావళి ఉన్నాయి. బిల్లింగు పదిహేను నిమిషాల లెక్కన. ఆసుపత్రి గోడ బయట నిలబడి కేకేసినవాళ్ల వారసులు లోపల కూర్చుని టైమ్‌షీటు నింపుతున్నారని పాతతరం కార్యకర్తలు నొచ్చుకుంటే తప్పుపట్టలేం. కానీ జీతం లేని సాయం ఎన్నాళ్లు నిలుస్తుంది? ఈ ప్రశ్నకు ఆ తరం గట్టి జవాబు చెప్పలేదు.

ఫలితాల మాటకొస్తే అతిశయోక్తి అక్కర్లేదు. సోనియా జాన్సన్ బృందం ఇంగ్లండులో చేసిన పరీక్ష 2018లో లాన్సెట్‌లో అచ్చయింది. సంక్షోభ సేవల నుంచి బయటపడిన 441 మందిని రెండు గుంపులు చేశారు. పీర్ వర్కర్ తోడు దొరికిన గుంపులో ఏడాదిలోపు మళ్లీ అత్యవసర సేవలకు వచ్చినవారు 29 శాతం. ఆ తోడు లేని గుంపులో 38 శాతం. అంతకుముందటి పరిశోధనల సమీక్షల్లో ఆశ, ఆత్మవిశ్వాసం వంటి వాటిలో కొంత మేలు కనిపించినా, ఆసుపత్రి చేరికలు తగ్గాయనడానికి బలమైన ఆధారం దొరకలేదు.

ఇక శాన్ రామన్. 2020 జనాభా లెక్కల్లో 84,605 మంది. సగానికి దగ్గరగా ఆసియా మూలాలవారే. డోర్టీ వ్యాలీ ఇళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో వచ్చిన తెలుగువాళ్లు చాలామంది. వీళ్లకు ఇన్సూరెన్సు యజమాని కంపెనీ ఇచ్చేది. సెనేట్ బిల్లు 803 కింద పీర్ సేవలకు చెల్లించేది మాత్రం మెడికాల్, అంటే కాలిఫోర్నియాలో తక్కువ ఆదాయం ఉన్నవారి మెడికెయిడ్ పథకం. మెడికాల్ సమాచారం తప్పక అందించాల్సిన భాషల్లో హిందీ, పంజాబీ ఉన్నాయి, తెలుగు లేదు. సెనేట్ బిల్లు 855 ప్రైవేటు బీమాను కదిలించింది గానీ, పీర్ వర్కర్‌కు జీతమిమ్మని నోరు తెరిచి చెప్పలేదు. కనుక నెలకు వేల డాలర్ల ఇంటి వాయిదా కట్టే కుటుంబానికి సైకియాట్రిస్టు దొరకవచ్చు. అదే జబ్బుతో పదేళ్లు బతికి, మందుల మత్తులో ఆఫీసు మీటింగు ఎలా నెట్టుకురావాలో చెప్పగల మనిషి దొరకడు.

అర్హత సంగతి ఇంకా చిక్కు. పీర్ వర్కర్ కావాలంటే తన అనుభవాన్ని తానే ప్రకటించుకోవాలి, పంచుకోవడానికి సిద్ధపడాలి. మన ఇళ్లలో జబ్బు ఒక్కరిది, పరువు అందరిది. అన్నకు స్కిజోఫ్రెనియా అని తెలిస్తే చెల్లెలి సంబంధం చెడుతుందన్న భయం గుంటూరు నుంచి డోర్టీ వ్యాలీ దాకా విమానమెక్కి వచ్చింది. దానికి వీసా భయం తోడు. హెచ్-1బీ ఉద్యోగం పోతే మరో దారి వెతుక్కోవడానికి సాధారణంగా దొరికేది 60 రోజుల వరకే. గ్రీన్‌కార్డు వైద్య పరీక్షలో జబ్బు పేరు ఒక్కటే అడ్డు కాదు, దానితో ముడిపడి హాని కలిగించే ప్రవర్తన ఉంటేనే అడ్డు. ఈ తేడా విడమరిచి చెప్పేవాళ్లు లేక, అసలు డాక్టరు దగ్గరికే వెళ్లనివాళ్లుంటారు.

ఇలాంటిచోట చట్టంలోని రెండో తలుపు, కుటుంబసభ్యుల అర్హత, ముందు తెరుచుకోవచ్చు. ఈ కౌంటీలో ఇటీవలి పెద్ద మార్పు ఒక తల్లి తెచ్చిందే. 2019 జూన్ 2న వాల్‌నట్ క్రీక్‌లో మానసిక సంక్షోభంలో ఉన్న 23 ఏళ్ల మైల్స్ హాల్‌ను పోలీసులు కాల్చి చంపారు. కొడుకు జబ్బు సంగతి కుటుంబం ముందే పోలీసులకు చెప్పి పెట్టుకుంది. తల్లి టాన్ హాల్ పోరాటం 2022లో అసెంబ్లీ బిల్లు 988 అయింది. సంక్షోభ సేవల కోసం ప్రతి ఫోన్ లైను మీద చిన్న రుసుము వేసే చట్టమది. మైల్స్ మరణానికి ఏడు నెలల ముందు, 2018 నవంబరు 3న, శాన్ రామన్‌ను ఆనుకున్న డాన్‌విల్‌లో లాడెమర్ అర్బొలెడా పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. మానసిక జబ్బు ఉన్న ఫిలిప్పీన్స్ మూలాల మనిషి. కాల్చిన అధికారికి 2022లో ఆరేళ్ల జైలు పడింది. ఫోన్ చేస్తే ఎవరు వస్తారన్న ప్రశ్న 680 హైవే పక్కన బతికే ఏ ఇంటికీ దూరం కాదు.

అయితే వైద్యం పొందినవారి ఉద్యమానికి కుటుంబాల సంఘాల మీద పాత అనుమానం ఉంది. 1979లో మ్యాడిసన్‌లో పుట్టిన నామీ అనే సంఘంలో అప్పట్లో మాట తల్లిదండ్రులదే. లారాస్ లా వంటి చట్టాలు కోరినవాళ్లలో వాళ్లు ముందున్నారు. తల్లి చెప్పే కథలో కొడుకు నోరు మూగబోతుందన్న అనుమానం నిరాధారం కాదు.

భారతదేశం ఈ చిక్కును మరో వైపునుంచి ఎదుర్కొంది. 1950లలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలోనే గుడారాల్లో ఉంచి వైద్యంలో భాగం చేశారు. కాలిఫోర్నియా ఉద్యమం బంధువులను బయట పెడితే, ఆయన లోపలికి తెచ్చారు. ఆరు దశాబ్దాల తర్వాత వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగినీ, సాకేవారినీ విడదీసి చూసింది. కేంద్ర ప్రాధికార సంస్థలో జబ్బును అనుభవించినవారికి రెండు స్థానాలు, సాకేవారికి విడిగా రెండు స్థానాలు ఇచ్చింది. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని రోగే ఎంచుకోవచ్చంది. ఆ ప్రతినిధి బంధువే కానక్కర్లేదు.

శాన్ రామన్ తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది ఆ చట్టం రాకముందే దేశం దాటినవారు. వాళ్లలో ఒకరు పీర్ శిక్షణకు వచ్చినప్పుడు, ఇంట్లోని బిడ్డ కథను బయట ఎంతవరకు చెప్పవచ్చో ఆ బిడ్డే నిర్ణయించి, రాసి ఇచ్చాకే తరగతి మొదలుకావాలి. ఎనభై గంటల్లో దానికి ఒక పూట చాలు. జీతం సంగతి మాత్రం ప్రైవేటు బీమా పరిధిలోకి పీర్ సేవలను తెచ్చే శాసనం శాక్రమెంటోలో వచ్చేదాకా తేలదు.