తొలగించు

మందమర్రిలో బొగ్గు గనిని బాయి అంటారు. ఆ బాయిలో పైకప్పుకు ఆసరాగా వదిలిన బొగ్గు స్తంభాలను చివర్లో, వెనక్కి వస్తూ తీసే పనికి పేరు డిపిల్లరింగ్. స్తంభం పోతే దాని మీద ఆనిన కప్పు కూలుతుంది. అందుకే ఏది దేని మీద నిలబడిందో ముందే చూసుకుంటారు.

లినక్స్‌లో కమాండ్‌తో ప్యాకేజీలు తీసేవాళ్లకూ ఇదే జాగ్రత్త కావాలి. డెబియన్, ఉబుంటుల్లో 'ఆప్ట్ రిమూవ్' అంటే, తీయబోయే ప్యాకేజీ మీద ఆధారపడినవి ఇంకేం పోతాయో జాబితా చూపి, సరేనా అని అడుగుతుంది.

ఈ రిమూవ్‌కు మన 'తొలగించు' ఎంత చక్కగా కుదిరిందో చూడండి. తొలగు అంటే పక్కకు జరుగు. 'దారి తొలగు' అంటాం కదా. దానికి 'ఇంచు' చేరి తొలగించు అయింది. రిమూవ్ చేసేదీ అంతే: ప్రోగ్రామ్ పక్కకు జరుగుతుంది, సిస్టమ్‌లోని దాని సెట్టింగుల ఫైళ్లు మిగులుతాయి. అవీ పోవాలంటే 'పర్జ్'. శుద్ధి చేయడమనే లాటిన్ మాట నుంచి వచ్చిన దీనికి 'తొలగించు' చాలదు. 'ఊడ్చెయ్' అనడమే సరైనదని నా అభిప్రాయం. తోడుగా వచ్చి, ఇప్పుడు పనిలేక పడివున్నవాటికి 'ఆటోరిమూవ్' ఉంది.

ఏది వాడినా, ఆ జాబితా చివరిదాకా చదవకుండా 'వై' నొక్కకండి.