విడుదల

జూన్ 14 అర్ధరాత్రి దాటితే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో జెట్టీకి కట్టిన బోట్ల తాళ్లు విప్పుతారు. ఏప్రిల్ 15న మొదలైన 61 రోజుల వేట నిషేధం అప్పటికి తీరిపోతుంది. ముడి వీడుతుంది, బోటు కదులుతుంది.

‘విడుదల’లో ఉన్నదీ ఆ ‘విడు’ ధాతువే. పెరుగుదల, తగ్గుదలల్లో లాగే దీనికీ ‘దల’ చేరింది. తమిళంలో ‘విడుదలై’ దీని తోబుట్టువు. పట్టు బిగిస్తే పట్టుదల, పట్టు వదిలితే విడుదల. సినిమాకీ, కాలవ నీళ్లకీ, నిధులకీ, ఖైదీకీ ఒకటే మాట.

కోర్టు గడప ఎక్కేసరికి ఈ మాటకి బరువొస్తుంది. బిల్కిస్ బానో సామూహిక అత్యాచారం కేసులో 11 మంది దోషులకి గుజరాత్ ప్రభుత్వం ఇచ్చిన ముందస్తు విడుదలను 2024 జనవరి 8న సుప్రీంకోర్టు కొట్టేసింది. వాళ్లు మళ్లీ జైలుకెళ్లారు.

మన దగ్గర శిక్షాకాలం పూర్తయితే గేటు తీయాల్సిందే. అమెరికాలో కొన్ని రాష్ట్రాల పద్ధతి వేరు. మానసిక లోపం వల్ల మళ్లీ తెగబడతాడని తేలితే, లైంగిక నేరస్తుణ్ణి శిక్ష ముగిశాక కూడా సివిల్ ఉత్తర్వుతో నిర్బంధంలోనే ఉంచుతారు. అలాంటి కాన్సస్ చట్టాన్ని 1997లో అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది. ఆపైన విడుదల పిటిషన్లు, కోర్టు సమీక్షలు.

హార్బర్‌లో ముడి విప్పడానికి తేదీ ఉంది. ఆ సివిల్ ఉత్తర్వుకి లేదు.