ప్రతినుండి ప్రతికి

తాళపత్రములఁ జూచి ప్రతులు వ్రాయు కాలమున వ్రాయసకాని కన్ను ఒక పంక్తి దాఁటినయెడల, ఆ పంక్తి యాతని ప్రతి నాధారముగాఁ గొన్న ప్రతులన్నిటను లోపించెడిది. అందుచేతనే బ్రౌను దొరగారు ఒక్కొక్క గ్రంథమునకుఁ బెక్కు ప్రతులు సేకరించి, పండితులచేఁ బోల్చి చూపించిరి. నేఁడు ప్రతి తీయునది యంత్రము. యంత్రము పొరపడదా? చరిత్రయే దీనికి సమాధానము చెప్పఁగలదు.

చిత్రమును వరుసలుగా విడఁదీసి తీఁగపైఁ బంపు నుపాయమునకు 1843లో అలెగ్జాండర్ బెయిన్ అను స్కాట్లండు గడియారపు పనివాఁడు పేటెంటు పొందెను. 1865లో కాసెల్లి యను ఇటలీదేశపు మతగురువు నిర్మించిన యంత్రము పారిస్, లియాన్ నగరముల నడుమఁ జేవ్రాఁతలను జేరవేసెను.

నేఁటి స్కానరు కాగితమును సన్నని గడులుగా విభజించి, ఒక్కొక్క గడి నలుపో తెలుపో గుర్తించును. అంగుళమునకు 300 గడుల చొప్పున ఏ4 కాగితమునందు దాదాపు 87 లక్షల గడు లేర్పడును. వానినన్నిటిని విడివిడిగా వ్రాయుట వ్యర్థశ్రమ. వడ్లను గింజలుగా లెక్కింపక కుంచములతోఁ గొలిచినట్లు, “తెలుపు 200, పిమ్మట నలుపు 5” అని వ్రాసికొన్నఁ జాలును. 1980లో నేర్పడిన ఫాక్సు నియమమునకు మూలమిదియే. 1984 నాఁటి నియమము పై వరుసతోఁ బోల్చి భేదమును మాత్రమే వ్రాసెను. ఈ రెండిటియందును ఒక్క చుక్కయు నశింపదు. 1986లో వచ్చిన టిఫ్ అను ఫైలురూపము ఇట్టి పుటలను దాఁచు పెట్టె యయ్యెను.

టిఫ్‌నుండి పి.యన్.జి. అను రూపమునకు మార్చినప్పుడు పెట్టె మాఱునే కాని ధాన్యము మాఱదు. 1992 నాఁటి జెపెగ్ అట్టిది కాదు. అది ఛాయాచిత్రములకై పుట్టినది. కొంత వివరమును విడిచి చిత్రమును గుదించును. దానిలో నక్షరముల యంచులు మసకవాఱును. తిరిగి నలుపు తెలుపులుగా మార్చినపుడు సన్నని గీఁత తెగవచ్చును. ‘ప’కును ‘ఫ’కును భేదము చిన్న గీఁతయే గదా!

అంతకన్న సూక్ష్మమైన యపాయము మఱియొకటి కలదు. 2000లో వెలువడిన జెబిగ్-2 అను నియమము ప్రకారము, ఒకదానినొకటి పోలిన గుఱుతులకు ఒకే యచ్చును వాడవచ్చును. 2013లో జర్మనీదేశమున డేవిడ్ క్రీజెల్ అను నాతఁడు ఇట్టి పద్ధతి నవలంబించిన యంత్రమున నొక యింటి పటమునకుఁ బ్రతి తీయఁగా, 21.11, 17.42 చదరపు మీటర్ల గదులు రెండును 14.13 అని యచ్చుపడెను! మసక లేదు, మరక లేదు. అంకెలు మాత్రము తప్పు. మసకయైన యక్షరము చదువరిని హెచ్చరించును. స్పష్టమైన తప్పు నమ్మించి మోసపుచ్చును.

ఇది మనకు దూరపు సంగతి కాదు. తెలుఁగువారైన రాజ్‌రెడ్డిగారు ప్రోత్సహించిన గ్రంథోద్యమములో భాగముగా, భారత డిజిటల్ గ్రంథాలయము వేలకొలఁది తెలుఁగు పుస్తకములను టిఫ్ పుటలుగాఁ దీసెను. పిదప ననేకము పి.డి.యఫ్. రూపమున పాఠకులకుఁ జేరెను.

కావున గ్రామపు పాతపుస్తకములనో, భూమి దస్తావేజులనో స్కాను చేయించు పెద్దలు మొదటి ఫైలును మార్పులేక భద్రపఱుపవలెను. మార్చిన ప్రతిలోని పేర్లను, అంకెలను మూలముతో సరిచూడవలెను. కాగితమును మాత్రము పాఱవేయరాదు. సందేహము వచ్చిననాఁడు సాక్ష్యము చెప్పఁగలది యదియే.