విశాఖను వణికించిన హుద్‌హుద్.. హిమాలయాల్లోనూ ప్రాణాలు తీసింది! థొరాంగ్ లా కనుమ దాటేవాళ్లు ఇవి తెలుసుకోవాల్సిందే

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసింది. అక్కడితో అయిపోలేదు. ఆ తుపాను మేఘాలే రెండు రోజుల్లో నేపాల్ చేరి అన్నపూర్ణ పర్వతాల్లో మంచు కుమ్మరించాయి. అక్టోబర్ 14న థొరాంగ్ లా, ఆ చుట్టుపక్కల ప్రాంతాల్లో 40 మందికి పైగా చనిపోయారు. అనుభవమున్న గైడ్లు కూడా వాళ్లలో ఉన్నారు. నిజానికి అక్టోబర్ అక్కడ ట్రెక్కింగ్‌కు మంచి సీజన్!

మనవాళ్లు ముక్తినాథ్ క్షేత్రానికి ఎక్కువగా జీపుల్లో వెళ్తుంటారు. ట్రెక్కర్లు మాత్రం అవతలి వైపు మనాంగ్ నుంచి నడిచి, 5,416 మీటర్ల ఎత్తున్న ఈ కనుమ దాటి గుడి దగ్గరికి దిగుతారు.

పైన గాలి పీల్చితే అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే. అందుకే 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందు రాత్రి కంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒకరోజు ఆగాలి. మనాంగ్‌లో రెండు రాత్రులు ఉండేది ఇందుకే. జిమ్‌లో ఎంత చెమటోడ్చినా దీనికి మినహాయింపు లేదు. స్పీడుగా ఎక్కేసే కుర్రాళ్లకే ఒక్కోసారి ముప్పు ఎక్కువ.

తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంకా పైకి వెళ్లొద్దు. తగ్గకపోతే కిందికి దిగాలి. నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా అది ప్రాణాపాయమే. తెల్లారాక చూద్దాంలే అనుకోకుండా వెంటనే కిందికి దించాలి. డయామాక్స్ మాత్ర డాక్టర్‌ను అడిగి వాడొచ్చు కానీ, అది కిందికి దిగడానికి బదులు కాదు.

కనుమ దాటే రోజు చీకటితోనే బయల్దేరతారు. పొద్దెక్కేకొద్దీ గాలి నిలబడనివ్వదు. పైకి చేరాక కూడా ముక్తినాథ్‌కు 1,600 మీటర్ల దిగుడు ఉంటుంది, మోకాళ్లకు అసలు పరీక్ష అక్కడే. 2014లో చాలామంది దారి తప్పింది కూడా ఈ దిగుడులోనే. ముందు మనిషి కనపడనంత మంచు, దారి గుర్తులన్నీ కప్పేసింది. బంగాళాఖాతంలో తుపాను పుట్టిందని తెలిస్తే లాడ్జిలోనే ఆగిపోవాలి. అందుకే ప్లాన్‌లో రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. రిటర్న్ ఫ్లైట్ టికెట్ తొందరే చాలామందిని ముందుకు తోస్తుంది.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు హెలికాప్టర్ రెస్క్యూ ఎన్ని మీటర్ల ఎత్తు వరకు వర్తిస్తుందో చూసుకోవాలి. ఈ కనుమకైతే 5,500కు తగ్గకూడదు.