పేరు మారాలా? క్రైస్తవ నామకరణంపై చారిత్రక పరిశీలన

బాప్తిస్మానికి సిద్ధపడినవారు, బిడ్డను ఎత్తుకొని మందిరానికి వచ్చిన తల్లిదండ్రులు కాపరిని అడిగే ప్రశ్న ఒకటుంది: "అయ్యగారూ, ఏ పేరు పెట్టమంటారు?" అనేక సంఘాలలో దీనికి జవాబు ఒక్కటే: పాత పేరు తీసివేసి బైబిలు పేరు పెట్టాలి. ఈ ఆచారానికి లేఖనంలోను, సంఘ చరిత్రలోను ఎంతమేరకు ఆధారముందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

మొదటిగా, బైబిలు పేరు అని మనం అంటున్నది ఏ భాష పేరు? హెబ్రీలో యెహోషువ అనగా "యెహోవాయే రక్షణ". చెర తరువాతి కాలంలో ఇది యేషూవ అని కుదించబడింది. గ్రీకులో "ష" ధ్వనికి అక్షరం లేదు. పురుషుల పేర్ల చివర "స్" చేరడం పరిపాటి. కనుక ఆ పేరు గ్రీకులో ఈసూస్ అయింది. తెలుగులో మనం యేసు అంటున్నాం. 1611 నాటి ఇంగ్లీషు అనువాదం హెబ్రీ 4:8లో నూను కుమారుడైన యెహోషువను సైతం "జీసస్" అనే వ్రాసింది. 1895లో వినుకొండలో జన్మించిన కవి గుఱ్ఱం జాషువ పేరు ఇంగ్లీషు దారిన మనకు చేరిన అదే పేరు. సంఘ రిజిస్టరులో తాత యోహాను, మనుమడు జాన్ అయితే ఇద్దరిదీ ఒకే పేరు. దారులు మాత్రమే వేరు.

రెండవదిగా, ధ్వని పూర్తిగా మారినా అర్థం నిలిచే పేర్లున్నాయి. నతనయేలు అనగా "దేవుడు ఇచ్చెను". ఇదే భావం గ్రీకులో థియోడోర్, లాటినులో అదెయోదాతుస్, స్లావు భాషలలో బొగ్దాన్, అరబీలో అతావుల్లా, సంస్కృతంలో దేవదత్తుడు. 387లో మిలాను పట్టణంలో అగస్టీనుతో కలిసి బాప్తిస్మం పొందిన ఆయన కుమారుని పేరు అదెయోదాతుస్. అటుతరువాత వ్రాసిన గ్రంథంలోను అగస్టీను అతనిని ఆ లాటిను పేరుతోనే పిలిచాడు.

ఆదిమ సంఘం ఏమి చేసింది? హెర్మే (రోమా 16:14) ఒక గ్రీకు దేవత పేరు. ఫీబే (రోమా 16:1) అర్తెమి దేవికి బిరుదు. ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదితే, దియొనూసి పేరులో ద్రాక్షారసపు దేవత కనబడతారు. వీరెవరినీ పేరు మార్చుకొమ్మని పౌలు అడిగినట్లు పత్రికలలో లేదు. సౌలు మారుమనస్సు పొంది పౌలైనాడని మనం తరచుగా ప్రసంగిస్తాం. అయితే దమస్కు అనుభవం తరువాత కూడ లూకా అతనిని సౌలు అనే వ్రాశాడు. కుప్ర ద్వీపంలో మాత్రమే "పౌలు అని కూడ పేరుగలవాడు" అని తెలియజేశాడు (అపొ. కా. 13:9). అవి ఏకకాలంలో ఒకే మనిషికున్న రెండు పేర్లు.

బైబిలు పేర్లు పెట్టే అలవాటు క్రమంగా బలపడింది. విశ్వాసుల పిల్లలలో పౌలు, పేతురు అనే పేర్లు ఎక్కువని 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్పు దియొనూసి గమనించాడు. అది వ్రాసిన ఆయన పేరే అన్యదేవతది! 533లో మెర్కూరియుస్ అనే వ్యక్తి పోపు అయినప్పుడు రోమా దేవత పేరు తగదని యోహాను అనే పేరు తీసుకొన్నాడు. అనగా నేడు మనకు నియమంగా తోచేది ఆదరణతో మొదలై ఆచారమైనది, అపొస్తలుల ఆజ్ఞ కాదు.

మన దేశంలో రెండు మార్గాలూ కనబడతాయి. 1745లో తిరువాన్కూరు రాజ్యపు ఉద్యోగి నీలకంఠ పిళ్ళై బాప్తిస్మం పొందినప్పుడు లాజరు అనే పేరును అర్థంతో సహా దేవసహాయం అని తమిళంలో పలికారు. ఆయన 2022లో కతోలిక సంఘంలో పునీతుడుగా ప్రకటించబడ్డాడు. తెలుగు కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి (1803–1890) విష్ణునామమైన తన పేరుతోనే క్రీస్తును కీర్తించాడు. 1866లో బాప్తిస్మం పొంది ఒంగోలు ప్రాంతపు మాదిగలలో సువార్త వ్యాపింపజేసిన యెర్రగుంట్ల పేరయ్య పేరయ్యగానే నిలిచాడు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయగం సమూయేలు అజర్యా ఒక్క పేరులోనే రెండు లోకాలను మోశాడు.

ఈ విషయం మన విశ్వాసులకు కేవలం చరిత్ర కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేర్చబడ్డారు, క్రైస్తవులు చేర్చబడలేదు. ఉత్తర్వు అడిగేది మతాన్ని, పేరును కాదు. అయినా పేరును చూచి మతం ఊహించే లోకంలో అనేక కుటుంబాలు సర్టిఫికెట్టులో ఒక పేరు, సంఘంలో మరొక పేరుతో జీవిస్తున్నాయి. వారిని వేషధారులని తీర్పు తీర్చక మునుపు దానియేలు గ్రంథం తెరవాలి. బబులోను అధికారి అజర్యాను అబేద్నెగో అని వ్రాసుకొన్నాడు (దాని. 1:7). అగ్నిగుండంలో నిలిచినది ఆ రెండవ పేరుతో పిలువబడినవాడే.

కాబట్టి కాపరులుగా మనం చేయదగినది ఇది: పేరు అడిగినవారికి మొదట వారి పేరుకు అర్థమేమిటో చెప్పాలి. కొత్త పేరు కోరుకొంటే సంతోషంగా ఇవ్వాలి. కృపావరమైనా, హన్నా అయినా భావం దగ్గరదే. పాత పేరే ఉంచుకొంటామంటే దానినే పలికి బాప్తిస్మమివ్వాలి. తన గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుచు కాపరి (యోహాను 10:3) ఏ భాషలో పిలుస్తాడో లేఖనం చెప్పలేదు.