మోఁ సాఁ మిషెల్, సాఁ మాలో

ఫ్రాన్సు వాయవ్య తీరంలో, నార్మండీ, బ్రిటనీ ప్రాంతాల సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న రెండు చారిత్రక స్థలాలు. మొదటిది సముద్రం నడుమ రాతిగుట్ట మీద వెలసిన క్రైస్తవ మఠం, రెండోది కోటగోడల మధ్య పెరిగిన రేవుపట్టణం. రెండింటి మధ్య దూరం సుమారు 50 కిలోమీటర్లే కావడంతో శని, ఆదివారాల్లో రెంటినీ చూసి రావచ్చు. అయితే పోటుపాట్ల వేళలు తెలుసుకుని బయలుదేరాలి. పెద్ద పోటు రోజుల్లో ఇక్కడ నీటిమట్టం 14 మీటర్ల దాకా లేచి దిగుతుంది. రెండు ఊళ్లకూ వందల ఏళ్లు కాపలా కాసింది ఆ నీరే. 11వ శతాబ్దపు బాయో కుట్టుపని వస్త్రంలో, మఠం పక్కనే కూవెనాన్ నది ఊబిలో దిగబడిన సైనికులను ఆంగ్ల ప్రభువు హెరాల్డ్ పైకి లాగే దృశ్యం ఉంది.

ఆవ్రాంష్ బిషప్ ఒబేర్‌కు దేవదూత మిఖాయేలు మూడుసార్లు కలలో కనిపించి ఈ గుట్టపై గుడి కట్టమన్నాడని, 708లో అది వెలిసిందని ఐతిహ్యం. 966లో నార్మండీ పాలకుడు మొదటి రిచర్డ్ బెనెడిక్టైన్ సన్యాసులను ఇక్కడ నిలిపాడు. 1023లో పెద్ద చర్చి మొదలైంది. గుట్ట కొన మీద అంత కట్టడానికి చోటు లేదు. అందుకని చుట్టూ వాలుల్లో నేలమాళిగ గుళ్లు కట్టి, వాటి కప్పుల మీద చర్చిని ఎత్తారు. గ్రానైటు రాయి షోసే దీవుల నుంచి పడవల్లో వచ్చింది. ఈ సాహసానికి మూల్యం లేకపోలేదు: 1421లో చర్చి గర్భాలయ భాగం కూలింది. నూరేళ్ల యుద్ధం వల్ల 1446 దాకా తిరిగి పని మొదలు కాలేదు, 1521కి గానీ పూర్తికాలేదు.

1204లో బ్రిటనీ సేనలు పెట్టిన మంటల్లో మఠం దెబ్బతినగా ఫ్రాన్సు రాజు రెండవ ఫిలిప్ ధనమిచ్చాడు. దాంతో ఉత్తర దిక్కున లేచిన మూడంతస్తుల కట్టడానికి ‘అద్భుతం’ అనే అర్థంలో మెర్వెయ్ అని పేరు. కింద మోటు స్తంభాలు, పైకి వెళ్లేకొద్దీ సన్నబడే రాతిపని, పై అంతస్తులో పూలకాడల్లాంటి స్తంభాల వరుసల నడుమ ఆకాశం కనిపించే ముంగిలి. మొత్తం కట్టడంలో కళ్లు నిలిచిపోయే చోటు ఇదే.

నూరేళ్ల యుద్ధంలో నార్మండీ అంతా ఆంగ్లేయుల చేతికి చిక్కినా ఈ గుట్ట చిక్కలేదు. 1434 దాడిలో వారు వదిలిపోయిన రెండు ఫిరంగులు ఇంకా ద్వారం దగ్గరున్నాయి. ఫ్రెంచి విప్లవం తరువాత మఠం జైలయింది. ఖైదీలు పెద్ద చక్రంలో నడుస్తూ సరుకులను పైకి లాగేవారు. 1863లో జైలు మూతపడింది. 1879లో తీరం నుంచి గుట్టకు వేసిన కట్ట వల్ల అఖాతంలో ఒండ్రు పేరుకోగా, 2014లో స్తంభాల మీద వంతెన కట్టి నీటికి మళ్లీ దారి ఇచ్చారు. 1979 నుంచి ఇది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం.

సాఁ మాలోకు 12వ శతాబ్దంలో బిషప్ జాఁ ద షాతీయోఁ తన పీఠాన్ని మార్చి, రక్షణగా ప్రాకారం ఎత్తించాడు. 1590 నుంచి 1594 దాకా ఈ ఊరు తన్ను తాను గణతంత్రంగా పాలించుకుంది. 1534లో ఝాక్ కార్తియే కెనడా వైపు ఓడ విప్పింది ఈ రేవు నుంచే. ప్రభుత్వ అనుమతి పత్రంతో శత్రుదేశపు వర్తక నౌకలను పట్టుకునే కోర్సేర్లకు ఇది పుట్టిల్లు. వారిలో రొబేర్ సుర్కూఫ్ 1800లో బంగాళాఖాతంలో ‘కెంట్’ అనే ఆంగ్ల నౌకను గెలుచుకున్నాడు. ఇక్కడ పుట్టిన నౌకాధిపతి లా బూర్దొనే 1746లో మద్రాసును వశపరచుకున్నాడు. తెలుగువారికి వ్యాపారంలో, నివాసంలో దగ్గరైన ఆ పట్నం 1749 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉంది. గెలిచినవాడు మాత్రం పుదుచ్చేరి ఫ్రెంచి గవర్నరు డూప్లేతో తగవు పడి బాస్టీల్ జైలు పాలయ్యాడు.

1944 ఆగస్టులో మిత్రరాజ్యాల ఫిరంగి గుళ్లకు, బాంబులకు, మంటలకు ప్రాకారం లోపలి ఊరు 80 శాతం దాకా నాశనమైంది. ప్రాకారం మాత్రం చాలావరకు నిలిచింది. పాత వీధుల తీరు తెలిసేలా ఊరిని గ్రానైటుతో తిరిగి కట్టారు. తెలియనివారు దాన్ని పాతదే అనుకుంటారు. ఇక్కడే పుట్టిన రచయిత షాతోబ్రియాఁ సమాధి ప్రాకారానికి ఎదురుగా గ్రాఁ బే దీవిలో ఉంది. పాటు వేళ మాత్రమే అక్కడికి నడిచి వెళ్లగలం.