అనుపులో ఆగిన గోడలు

కంటికి హెడ్‌సెట్టు తగిలించుకొని, కూర్చున్నచోటి నుండి కదలకయే వేఱొక లోకమున తిరుగుచు పాఠము నేర్చుకొనుట మేలా కాదా యని నేడు కళాశాలలలో తర్కము సాగుచున్నది. విద్యార్థులకు అది వేడుక. అధ్యాపకులలో పెక్కురకు శంక. ఐతే, కనుమరుగైన చోటును మరల నిలిపి, అందులో పిల్లలను నడిపించి చదువు చెప్పుట పలనాటికి కొత్త సంగతి కాదు.

క్రీ.శ. 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి నాగార్జునకొండ లోయలో విహారములతో వెలసియుండెను. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని కాలమున బోధిసిరి యను ఉపాసిక వేయించిన శాసనములో, కాశ్మీర గాంధార చీనా వంగాది దేశములకు ధర్మమును చేర్చిన సింహళాచార్యుల ప్రశంస కలదు. ఆ లోయకు ఎంతెంత దూరపు సంబంధము లుండెనో దానిని బట్టి ఊహింపవచ్చును. అచట ఆచార్య నాగార్జునుడు విశ్వవిద్యాలయము నడపెనని లోకుల నమ్మకము. ఇక్ష్వాకు శాసనములలో ఆయన పేరు కానరాదు గాని, కొండ మాత్రము ఆ పేరును విడువలేదు.

1926లో ఏ.ఆర్. సరస్వతి ఈ శిథిలములను గుర్తింపగా, పురావస్తు శాస్త్రజ్ఞుడు లాంగ్‌హర్స్టు తొలి త్రవ్వకములు జరిపెను. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసిన పిమ్మట లోయ మునుగుట నిశ్చయమయ్యెను. అప్పటికే 1954లో పని మొదలుపెట్టిన పురావస్తుశాఖవారి ఆర్. సుబ్రహ్మణ్యం బృందము 1960 వరకును లోయ నంతటిని శోధించి, కొలిచి, పటములు గీచెను. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుచునాటికి, కొన్ని కట్టడములు కొండకొమ్మునకును, కొన్ని జలాశయపు ఒడ్డుననున్న అనుపునకును చేరియుండెను.

నేటి విజయపురి సౌత్ ఊరు దాటి అనుపునకు పోయినచో, నాలుగువైపుల మెట్లు దిగివచ్చు రంగస్థలము నేటికిని చూడవచ్చును. విహారయాత్రకు వచ్చిన కాలేజీ పిల్లలలో ఒకడు నడుమ నిలిచి చప్పట్లు కొట్టును. పైమెట్టున నున్నవారు వినబడినదని కేకలు వేయుదురు. ఆ ప్రక్కనే వరుసగా విహారపు గదులు. వాని గోడలు కొంత యెత్తున ఆగిపోయినవి, పైకప్పు లేదు. కట్టినవారికి చేతగాక కాదు. త్రవ్వకములో దొరికినది అంతవరకే. తెలిసినంత కట్టి తెలియనిచోట చేయి దించుటలో గల నిజాయితీని మనవారు తగినంత మెచ్చుకొనలేదని నా అభిప్రాయము.

సాగరజలములు కాలువల కెక్కిన మరుసటి యేడే, 1968లో, అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ తలకు తగిలించుకొను దృశ్యయంత్రమును రూపొందించెను. పైకప్పు నుండి వ్రేలాడు బరువైన యంత్రమది. అందులో కనబడినవి వట్టి గీతల బొమ్మలు. నేటి హెడ్‌సెట్టు మునిగిన లోయను నీటిపైకి తెచ్చి, వీధులు పరచి, దీపములు వెలిగించి చూపగలదు. దానిని పెట్టుకొన్న పిల్లవాని యుత్సాహము తప్పు కాదు; పటములో ఎన్ని మారులు చూచినను పట్టుబడని విహారపు వైశాల్యము అందులో ఒక్క నిమిషమున తెలియును. తల తిరుగుననియు, ఖర్చెక్కువయనియు చెప్పు అభ్యంతరములు కాలక్రమమున తీరగలవు. తీరనిది మఱొకటి. అనుపులో ఆగిన గోడ ఆ యంత్రములో ఆగనక్కఱలేదు. చిత్రకారుడు శిఖరము వఱకు లేపును, రంగులు వేయును, శాసనములలో కానరాని నాగార్జునుని అరుగుమీద కూర్చుండబెట్టును. త్రవ్వితీసినదెంత, ఊహించినదెంతయని అధ్యాపకుడు పట్టుబట్టి యడిగినప్పుడు, కొత్తనోర్వలేని ముసలితనమని పిల్లలు నవ్వవచ్చును గాక, సుబ్రహ్మణ్యం బృందము గీచిన పటములను ముందుంచుకొని ఆ యంత్రములో కనబడు గదినొక్కమాఱు సరిచూచుకొమ్మని అతడు చెప్పక తప్పదు.